తుంటికి ఆపరేషన్ చేశారు, నడక మాత్రం మాకే వదిలేశారు

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్య పుటలో రెండు వారాల క్రితం వృద్ధులకు తుంటి ఎముక విరగడం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఎముక ఎక్కడ విరిగితే ఏ ఆపరేషన్ చేస్తారో, లోపల పెట్టే లోహపు బంతి ఎలా ఉంటుందో బొమ్మలతో సహా చక్కగా వివరించిన ఆ వ్యాసం, ‘తర్వాత రోగి క్రమంగా నడవగలుగుతారు’ అన్న ఒక్క వాక్యంతో ముగిసింది. ఆ ‘క్రమంగా’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నాకు 71 ఏళ్ళు. గత ఏడాది నవంబరులో పడి ఎడమ తుంటి విరగ్గొట్టుకున్నాను. ఆపరేషన్ గంటన్నరలో పూర్తయింది. ఆ ‘క్రమంగా’కు తొమ్మిది నెలలు పట్టింది, ఇంకా పూర్తి కాలేదు. అందులో మొదటి నెలను చేజేతులా పోగొట్టుకున్నాను. ఆపరేషన్‌లో ఏ లోపమూ లేదు. దాని తర్వాతి భాగం వైద్యం కిందికి రాదని ఆస్పత్రి, బీమా సంస్థ, మా ఇంటివారు, చివరికి నేను కూడా అనుకోవడం వల్లే ఆ నెల వృథా అయింది. ఈ ఉత్తరం ఆ భాగం గురించే.

పెళ్ళయి 1978లో గూడూరు నుంచి మద్రాసు వచ్చాను. ఇప్పుడు మేముంటున్నది పశ్చిమ మాంబళంలో, లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. కింది నుంచి మా గుమ్మం దాకా 36 మెట్లు. కార్తీక మాసంలో ఒక రోజు తెల్లవారుజామున, మా వారికి నిద్రాభంగం ఎందుకని దీపం వేయకుండా స్నానాల గదిలోకి వెళ్ళి, తడి గచ్చు మీద జారి పక్కకు పడ్డాను. లేవబోతే ఎడమ కాలు నా మాట వినలేదు. రెండో కాలి కన్నా పొట్టిగా అయి, పాదం బయటి వైపుకు తిరిగిపోయి ఉంది. తుంటి విరిగిందనడానికి అదే గుర్తని తర్వాత తెలిసింది.

తొడ ఎముక పై చివర ఒక బంతి, దాని కింద సన్నని మెడ ఉంటాయి. బంతికి అందే రక్తంలో ఎక్కువ భాగం ఆ మెడ మీదుగానే వెళుతుంది కాబట్టి, మెడ విరిగి ముక్కలు పక్కకు జరిగితే పెద్ద వయసులో అది అతకడం కష్టం. అందుకే బంతిని తీసేసి లోహపు బంతి పెడతారు. మెడకు దిగువన విరిగితే రాడ్ గానీ, ప్లేటూ స్క్రూలూ గానీ వేస్తారు. నాకు బంతి మార్చారు.

అయితే ఆ ఆపరేషన్ పడిన రోజున జరగలేదు, మరునాడూ జరగలేదు. గుండె పరీక్షల కోసం ఒక రోజు, బీమా అనుమతి కోసం రెండు రోజులు, మధ్యలో ఆదివారం, మొత్తం నాలుగు రోజులు మంచానికి అతుక్కుని ఉన్నాను. మూడో రాత్రి నేను మా వారిని ‘గూడూరు బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది’ అని పదేపదే అడిగానట. నాకేమీ గుర్తు లేదు. పెద్ద వయసులో తుంటి విరిగినవారికి ఇలా తాత్కాలికంగా మతి తప్పడం తరచుగా జరుగుతుందనీ, తీసి పక్కన పెట్టిన కళ్ళజోడు, వినికిడి యంత్రం వెంటనే తిరిగి ఇవ్వడం, పగలు వెలుతురు పడేలా చూడటం, తెలిసిన మనిషి ఒకరు దగ్గర ఉండటం కూడా దానికి వైద్యమేననీ ఆ రాత్రి మాకు ఎవరూ చెప్పలేదు. నా కళ్ళజోడు నాలుగు రోజులూ మా వారి చొక్కా జేబులోనే ఉంది.

బ్రిటన్‌లో 2011లో వచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, తుంటి విరిగిన రోగికి ఆస్పత్రిలో చేరిన రోజునో మరునాడో ఆపరేషన్ చేయాలి, ఆపరేషన్ అయిన మరునాడే, అడ్డుచెప్పే కారణం లేకపోతే, లేపి నిలబెట్టాలి. మన దేశంతో సహా 17 దేశాల్లో, సుమారు 3000 మంది రోగులతో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2020లో వెలువడ్డాయి. సుమారు 6 గంటల్లో ఆపరేషన్ జరిగినవారినీ, సుమారు 24 గంటలకు జరిగినవారినీ పోల్చి చూస్తే మరణాల్లో తేడా కనిపించలేదు గానీ, త్వరగా జరిగినవారు త్వరగా లేచి నిలబడ్డారు, వారిలో మతి తప్పడమూ తక్కువే. అక్కడ గంటలు లెక్కపెడుతుంటే ఇక్కడ మేము రోజులు లెక్కపెడుతున్నాము.

ఆ నాలుగు రోజుల్లో చూడవచ్చిన బంధువుల్లో సగం మంది ‘పుత్తూరు కట్టు వేయిస్తే సరిపోయేదిగా’ అన్నారు. చెన్నైలో ఏ పేటలో చూసినా ఆ బోర్డు కనిపిస్తుంది. చిన్నప్పుడు మా అన్నయ్య మణికట్టు ఆ కట్టుతోనే బాగుపడింది కాబట్టి ఆ విద్యను నేను చులకన చేయను. తుంటి సంగతి మాత్రం వేరు. తొడ, పిరుదుల కండరాలు శరీరంలోకెల్లా బలమైనవి. విరిగిన ఎముకను అవి పైకి లాగుతూనే ఉంటాయి. పైనుంచి ఎంత బిగించి కట్టినా, కీలు లోపల విరిగిన మెడను కదలకుండా పట్టి ఉంచే కట్టు లేదు. అతుకుతుందేమోనని వారాల తరబడి పడుకోబెడితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం, వీపున పుండ్లు పడటం, కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పెద్దవాళ్ళకు తుంటి ఆపరేషన్ చేసే ముఖ్యోద్దేశమే వారిని త్వరగా మంచం దింపడం. ఈ ఒక్క మాట నాకూ మా ఇంటివారికీ మొదటి రోజే అర్థమై ఉంటే, తర్వాత జరిగినదంతా వేరుగా ఉండేది.

ఆపరేషన్ అయిన రెండో రోజు ఒక ఫిజియోథెరపిస్టు వచ్చి, వాకర్ ఇచ్చి, నన్ను లేపి నిలబెట్టి, ఎనిమిది అడుగులు వేయించి వెళ్ళాడు. ఐదో రోజు ఇంటికి పంపించారు. చేతికిచ్చిన ఏడు పుటల డిశ్చార్జి సమ్మరీలో మందుల పేర్లు, రక్త పరీక్షల అంకెలు, లోపల పెట్టిన బంతి కొలత అన్నీ ఉన్నాయి. నడక గురించి ‘వాకర్‌తో నడవవచ్చు’ అన్న అర్థం వచ్చే ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం ఉంది. రోజుకు ఎన్నిసార్లు నడవాలి, ఆ కాలి మీద ఎంత బరువు మోపవచ్చు, నొప్పి వస్తే ఆపాలా కొనసాగించాలా, 36 మెట్లు ఎలా ఎక్కాలి అన్న ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. మెట్ల సంగతి మా వీధి కుర్రవాళ్ళు నలుగురు తేల్చారు: నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, వినాయక నిమజ్జనానికి విగ్రహాన్ని మోసినట్టు మోసుకుని పైకి తెచ్చారు.

ఇక ఇంట్లో నాకు జరిగిన సేవ గురించి చెప్పాలి. మా ఆడపడుచు పది రోజులు సెలవు పెట్టుకుని వచ్చి, ‘వదినా, నువ్వు లేవకు, నేనున్నాగా’ అంటూ అన్నం, మంచినీళ్ళు, బెడ్‌పాన్ అన్నీ మంచం దగ్గరికే తెచ్చింది. 76 ఏళ్ళ మా వారు నేను కాలు కదిపినప్పుడల్లా ఉలిక్కిపడి లేచేవారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ మీద ప్రేమ చూపించడమంటే వాళ్ళను మంచం దిగనివ్వకపోవడమే. లేపి నడిపిస్తే లోకం రాక్షసులంటుందని కోడళ్ళు భయపడతారు, కొడుకులు కూడా. నేనూ ఆ సేవను సంతోషంగానే స్వీకరించాను. బాధ్యతంతా వాళ్ళ మీదికి నెట్టడం నా ఉద్దేశం కాదు. పడుకుని ఉండటం సుఖంగా ఉండేది, లేవాలంటే భయంగా ఉండేది.

మూడు వారాలు గడిచేసరికి మడమను పరుపు మీద నుంచి రెండు అంగుళాలు కూడా లేపలేని స్థితికి వచ్చాను. ఎడమ తొడ కుడిదాని కన్నా సన్నబడటం కంటికే తెలుస్తోంది. ఏ జబ్బూ లేని వృద్ధులను పది రోజుల పాటు మంచం మీదే ఉంచి చూసిన అమెరికా పరిశోధకులు, ఆ కొద్ది రోజుల్లోనే వారి కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ తరిగిపోయిందని 2007లో ప్రకటించారు. వాళ్ళ ఎముకలు విరగలేదు, వాళ్ళకు ఆపరేషనూ జరగలేదు. నాకు ఆ రెండూ జరిగి, పైన మూడు వారాల పడక.

కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు గారు నా నడక చూసి, అంటే నడవలేకపోవడం చూసి, ఇంటికి ఫిజియోను పిలిపించుకోమన్నారు. మర్నాటి నుంచి దిండివనం వైపు అమ్మాయి ఒకతె వారానికి మూడుసార్లు రావడం మొదలుపెట్టింది. మా వారు నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి సిద్ధంగా పెట్టారు, ఫిజియో అంటే కాళ్ళకు మర్దన చేస్తారని ఆయన అభిప్రాయం. ఆ అమ్మాయి నూనె గిన్నె పక్కన పెట్టించి, ముందు ఇల్లంతా కలయతిరిగింది. గదుల మధ్య కాలిపట్టాలు తీయించింది. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ, కమోడ్ మీద ఎత్తు సీటు పెట్టించింది. నేను కూర్చునే కుర్చీ కాళ్ళ కింద చెక్క దిమ్మెలు వేయించింది. మా వంటింటికీ హాలుకూ మధ్య పాతకాలపు గడప ఒకటి ఉంది. దాన్ని దాటించడం ఎలాగో నేర్పడానికే ఒక గంట తీసుకుంది. చివరగా, బెడ్‌పాన్‌ను ఎవరికైనా ఇచ్చేయండి అంది. ఆ రోజు నాకు ఆ పిల్ల మీద చాలా కోపం వచ్చింది.

ఆ తర్వాత నేర్చుకున్నవి వినడానికి చిన్న పనులు. పాదాలను పైకీ కిందికీ ఆడించడం. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి దాన్ని పరుపులోకి అదమడం. వంటగట్టు పట్టుకుని నిలబడి, నడుము వంచకుండా కాలిని పక్కకు చాపి, పది అంకెలు లెక్కపెట్టి దించడం. చేతుల ఊతం తీసుకోకుండా కుర్చీలోంచి లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం. ఈ చివరిది మొదటి రోజు ఒక్కసారి కూడా చేతకాలేదు. రెండు నెలలకు వరసగా పన్నెండు సార్లు చేశాను. ఏ వారం ఎన్నిసార్లు చేశానో మా వారు పాత డైరీలో రాసేవారు. కింద పడిపోయిన ధైర్యాన్ని మళ్ళీ లేపింది ఆ డైరీయే అనిపిస్తుంది.

కాలిని పక్కకు చాపే వ్యాయామం ఎందుకని అడిగితే ఆ అమ్మాయి నన్ను అద్దం ముందు నిలబెట్టి నా నడక నాకే చూపించింది. ఎడమ కాలి మీద బరువు వేసినప్పుడల్లా కుడి వైపు నడుము కిందికి జారిపోతోంది. అది జారకుండా మొండెం ఎడమ పక్కకు వాలుతోంది. ఒంటికాలి మీద ఉన్నప్పుడు కటిభాగాన్ని సమంగా పట్టి ఉంచేవి తుంటి పక్కనుండే కండరాలు. అవి బలహీనపడితే నడక ఇలా ఊగుతుందని ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు 1895లోనే వివరించాడు. నడకంటే ప్రతి అడుగులోనూ క్షణకాలం ఒంటికాలి మీద నిలబడటమేనని 71 ఏళ్ళు నడిచాక తెలుసుకున్నాను.

చేతికర్ర విషయంలో దాదాపు అందరూ చేసే పొరపాటే నేనూ చేశాను. ఎడమ కాలికి దెబ్బ తగిలింది కాబట్టి కర్ర ఎడమ చేత్తో పట్టుకున్నాను. అది కుడి చేతిలో ఉండాలి. ఎడమ కాలి మీద నిలబడినప్పుడు జారిపోయేది కుడి వైపు గనుక ఊతం అవసరమైంది అటు వైపే. కర్రా, దెబ్బ తగిలిన కాలూ కలిసి ముందుకు కదలాలి. వాకర్ అయితే ముందు వాకర్, తర్వాత దెబ్బ కాలు, ఆ తర్వాత మంచి కాలు. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు ఎక్కడుంటుందో వాకర్ పిడి అంత ఎత్తులో ఉండాలి. మా బంధువు ఒకరు పంపించిన వాకర్ అంతకన్నా నాలుగు అంగుళాలు పొట్టిది. మూడు వారాలు నేను అసలే తక్కువ నడిచాను, ఆ నడిచిన కాస్తా గూని నడక నడిచాను. మెట్లకు ఆ అమ్మాయి చెప్పిన సూత్రం ఇప్పటికీ పెదవుల మీదే ఉంటుంది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. ఆపరేషన్ అయిన తొమ్మిదో వారంలో, ఒక చేత్తో పిట్టగోడ, ఒక చేత్తో కర్ర పట్టుకుని 36 మెట్లూ దిగాను. దిగడానికి పావుగంట పట్టింది.

పరామర్శకు వచ్చేవారి సలహాల గురించి కొంత చెప్పక తప్పదు. ఒకరు ‘మా అత్తగారిని మూడు నెలలు కాలు మోపవద్దన్నారు’ అంటారు. ఇంకొకరు ‘మా పిన్ని వారానికే కర్ర వదిలేసింది’ అంటారు. రాడ్ వేసిన వారి జాగ్రత్తలు వేరు, బంతి మార్చిన వారి జాగ్రత్తలు వేరు, బంతి మార్చినవారిలోనూ వెనక వైపు నుంచి కోసి చేశారా, పక్క నుంచి చేశారా అన్నదాన్ని బట్టి మారతాయి. నాకు వెనక నుంచి చేశారు గనుక తుంటిని లంబకోణం దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. అలా చేస్తే బంతి గూటిలోంచి జారే ప్రమాదం ఉంది. పెద్దవారికి చాలావరకు ఆపరేషన్ అయిన వెంటనే ఓర్చుకోగలిగినంత బరువు మోపనిస్తారు. అయినా ఆ మాట చెప్పవలసింది ఆపరేషన్ చేసిన డాక్టరు మాత్రమే, అదీ కాగితం మీద. కాగితం మీద లేకపోతే ఆ ఖాళీని పరామర్శకులు నింపుతారు.

పథ్యం సంగతీ అంతే. కందిపప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు వాతమని నాకు ఇరవై రోజులు చారన్నం, బీరకాయ కూర పెట్టారు. కండ పెరగాలంటే దానికి ముడిసరుకు ప్రోటీనే. పెద్ద వయసువారికి, మూత్రపిండాల జబ్బు లేకపోతే, కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు, జబ్బుపడి లేచినవారికి ఇంకొంచెం ఎక్కువే. 52 కిలోల నాకు కనీసం 50, 60 గ్రాములు కావలసిన రోజుల్లో చారన్నం మీద ఉన్నాను. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములుంటుంది. ఇప్పుడు రోజూ పప్పు, రెండు పూటలా పెరుగు, ఒక గుడ్డు తింటున్నాను. చీము పట్టలేదు.

అన్నిటికన్నా కష్టమైనది భయం. నొప్పి ఆరో వారానికి చాలా మటుకు తగ్గిపోయింది, భయం తగ్గలేదు. స్నానాల గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు బిగుసుకుపోయేవి. పడతామన్న భయంతో అడుగులు చిన్నవి చేసుకుని, చూపు నేల మీదే పెట్టి నడిస్తే పడే అవకాశం ఇంకా పెరుగుతుందట. ఆ ఫిజియో అమ్మాయి ఒక రోజు నన్ను ఆ గదిలోకే తీసుకువెళ్ళి, కడ్డీ పట్టించి, నేను పడిన చోటే నిలబెట్టి, ‘భయం పోయేదాకా ఇక్కడే కబుర్లు చెప్పుకుందాం, అమ్మా’ అంది. అరగంట నిలబడి వాళ్ళ ఊరి కబుర్లు, మా గూడూరు కబుర్లు చెప్పుకున్నాం. ఇది ఏ డిశ్చార్జి సమ్మరీలోనూ రాయగలిగిన వైద్యం కాదని నాకు తెలుసు, కానీ దీనికీ ఎవరో ఒకరు ఇంటికి రావాలి కదా.

ఆమె 16 వారాల్లో 48 సార్లు వచ్చింది. ఒక్కోసారికి 600 రూపాయల చొప్పున 28,800 రూపాయలయ్యాయి. లోహపు బంతి ఖరీదు చెల్లించిన మా బీమా సంస్థ, ఇంటి దగ్గర చేయించుకున్న ఫిజియోథెరపీ తమ పరిధిలోకి రాదని ఒక్క వాక్యంలో జవాబిచ్చింది. పింఛను వచ్చే మేము భరించగలిగాం. 2024 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ఆదాయంతో సంబంధం లేకుండా 70 ఏళ్ళు దాటిన వారందరికీ విస్తరించింది. మంచిదే, అయితే అందులో కూడా ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక 15 రోజుల వరకే ఖర్చు వర్తిస్తుంది. తుంటి విరిగిన మనిషికి అసలు పని మొదలయ్యేది ఆ పదిహేనో రోజు తర్వాతే. బ్రిటన్‌లో 2007 నుంచి తుంటి విరిగిన రోగుల వివరాలను జాతీయ స్థాయిలో నమోదు చేస్తున్నారు. 2010 నుంచి, 36 గంటల్లోగా ఆపరేషన్ చేసి వృద్ధుల వైద్యుడి చేత చూపించడం వంటి ప్రమాణాలు పాటించిన ఆస్పత్రులకు అదనంగా సొమ్ము చెల్లిస్తున్నారు. డబ్బు ఏ పనికి వస్తే ఆ పని జరుగుతుంది. మన దగ్గర డబ్బు బంతికి వస్తోంది, నడకకు రావడం లేదు.

ఈ విషయంలో తమిళనాడు ప్రభుత్వం చేస్తున్న ఒక మంచి పని నాకు ఆలస్యంగా, మా పనిమనిషి ద్వారా తెలిసింది. 2021 ఆగస్టులో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’, అంటే ప్రజలను వెతుక్కుంటూ వెళ్ళే వైద్యం అనే పథకం కింద, బీపీ, షుగరు మందులతో పాటు అవసరమైన వారికి ఇంటికే వచ్చి ఫిజియోథెరపీ చేస్తారు. సైదాపేటలో ఉంటున్న ఆమె అత్తగారికి అలా వచ్చి చేశారట. ‘మీకు తెలియదా అమ్మా’ అని ఆమె ఆశ్చర్యపోయింది. తెలియకపోవడానికి కారణం నా బద్ధకం కొంత, భాష కొంత. నాలాగా దశాబ్దాల నుంచి చెన్నైలో ఉంటూ తమిళం ధారాళంగా మాట్లాడుతూ, చదవడం మాత్రం బస్సు బోర్డుల వరకే వచ్చిన తెలుగువాళ్ళు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. ఆరోగ్య కేంద్రం గోడ మీద కాగితం మా కళ్ళ ముందే ఉంటుంది, మాకు అందదు.

వృద్ధుల వైద్యంలో ఈ నగరానిది చిన్న చరిత్ర కాదు. ఇక్కడి ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లోనే వృద్ధులకు ప్రత్యేక విభాగం ప్రారంభించారు. మద్రాసు వైద్య కళాశాలలో 1996లో ఆ శాస్త్రంలో ఎం.డి. చదువు మొదలైంది. 2024 ఫిబ్రవరిలో గిండీలో జాతీయ వృద్ధుల వైద్య కేంద్రం 200 పడకలతో తెరుచుకుంది. అటువంటి చోట ఒక తుంటి రోగి ఎముకల డాక్టరు గదిలోంచి సరాసరి ప్లాస్టిక్ కుర్చీలోకి రావడమే నాకు వింతగా ఉంది.

మరొక విషయాన్ని క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది నడకను కాపాడుకోవడానికి సంబంధించినది. నిలబడిన ఎత్తు నుంచి పడినంత మాత్రాన తుంటి విరిగిందంటే ఆ ఎముక ముందే గుల్లబారి ఉందని అర్థం. రెండో తుంటి కూడా అదే ఎముకతో తయారైంది. తుంటి ఆపరేషన్ అయిన మూడు నెలల లోపు మొదలుపెట్టి ఏడాదికి ఒకసారి జోలెడ్రోనిక్ ఆమ్లం అనే ఎముకల మందును సెలైన్‌లా ఎక్కిస్తే కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం తగ్గిందని 2007లో ఒక పెద్ద పరిశోధన చూపించింది. విటమిన్ డి, మూత్రపిండాల పరీక్షలు చూసి ఇచ్చే మందు అది. నాకు ఆ మాట చెప్పింది ఆపరేషన్ చేసిన ఆస్పత్రి కాదు, ఐదు నెలల తర్వాత షుగరు చూసే మా డాక్టరు గారు.

ఇప్పటి నా పరిస్థితి దాచకుండా రాస్తాను, అందరూ పూర్తిగా కోలుకుంటారన్న భ్రమ కలిగించడం ఇష్టం లేదు. తుంటి విరిగిన పెద్దవారిలో దాదాపు సగం మంది మునుపటిలా నడవలేరు. ఏడాది తిరగకుండానే ఐదుగురిలో ఒకరికి పైగా చనిపోతారని చాలా దేశాల లెక్కలు చెబుతున్నాయి. నేను ఇంట్లో ఏ ఊతం లేకుండా తిరుగుతున్నాను, వీధిలోకి కర్రతో వెళుతున్నాను, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవగలను, అలసిపోతే నడక ఊగుతుంది. నేల మీద ఇక కూర్చోలేను. మొన్న వరలక్ష్మీ వ్రతం కుర్చీలో కూర్చునే చేసుకున్నాను, అమ్మవారు ఏమీ అనుకున్నట్టు లేదు. ఐదో నెలలో మా పేటలోనే ఉన్న అయోధ్యా మండపం దాకా నడిచి వెళ్ళి ఉపన్యాసం విన్నాను. దూరం తక్కువే, కానీ కాలిబాట మీద ఆపి ఉంచిన మోటారు సైకిళ్ళ వల్ల ఆ కాస్త దూరంలో ఆరుసార్లు రోడ్డు మీదికి దిగాల్సి వచ్చింది. నడిచేవారి కోసం 2014లోనే ప్రత్యేక విధానం ప్రకటించుకున్న నగరం ఇది. 2019లో రైలు పట్టాలకు అవతల ఉన్న పాండీ బజారును నడిచేవారికి అనువుగా మార్చి చూపించారు. రైలు పట్టాలకు ఇవతల ఉన్న మా మాంబళం మీద కూడా ఆ దయ కాస్త ప్రసరిస్తే బాగుంటుంది.

ఆస్పత్రులకు నేను కోరేది పెద్దదేమీ కాదు. తుంటి రోగిని ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతో పాటు నడక చీటీ కూడా ఇవ్వాలి. ఎంత బరువు మోపాలో, ఏ వారానికి ఏమి చేయగలగాలో, ఏమి చేయకూడదో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో రోగి చదువుకోగలిగిన భాషలో అందులో ఉండాలి. ఇంటికి మెట్లున్నాయా అని అడిగి, ఉంటే పంపే ముందే నాలుగు మెట్లయినా ఎక్కించి దింపించాలి. మొదటి మూడు నెలల ఫిజియోథెరపీని బీమా సంస్థలూ, ప్రభుత్వ పథకాలూ ఆపరేషన్‌లో భాగంగానే లెక్కగట్టాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆ వ్యాసానికి కొనసాగింపుగా, ‘క్రమంగా’ అని వదిలేసిన భాగం మీద ఇంకొక వ్యాసం వేయించండి. మా ఫిజియో అమ్మాయి తమిళంలో చెబుతుంటే నేను తెలుగులో రాసుకున్న కాగితం నా దగ్గర ఉంది, వాకర్ ఎత్తు దగ్గర నుంచి మెట్ల సూత్రం దాకా రెండు వైపులా నిండి ఉంది. అది నా ఒక్కదాని కోసం రాసుకున్నది కాబట్టి అందరికీ సరిపోదు. ఎవరైనా ఎముకల డాక్టరు గారికీ, ఫిజియోథెరపిస్టుకూ చూపించి, తప్పులు దిద్దించి, పెద్ద అక్షరాల్లో అచ్చు వేస్తానంటే నకలు తీసి పంపిస్తాను.

ఇట్లు
భవదీయురాలు
ఒక పాఠకురాలు,
పశ్చిమ మాంబళం, చెన్నై